కుదర్లేదండీ

కొన్న సామాను మార్చుకోవడానికి వచ్చేవాళ్ళని నేను మెట్ల మీది అడుగుల చప్పుడుతోనే పోల్చుకోగలను. కొనడానికి వచ్చేవాళ్ళు కొట్ల బోర్డులు చదువుకుంటూ తీరిగ్గా వస్తారు. మార్చుకోవడానికి వచ్చేవాళ్ళు దారి పొడవునా మనసులో నాతో పోట్లాడుకుంటూ వస్తారు కాబట్టి, పైకి వచ్చేసరికి సగం కోపం అప్పటికే ఖర్చయిపోయి, మిగిలిన సగం మొహంలో ఉంటుంది. గవర్నర్‌పేటలో ఈ కాంప్లెక్సు మొదటి అంతస్తులో కంప్యూటర్ విడిభాగాల కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ అవే మొహాలు చూస్తున్నాను. మా ఆయన ఆఫీసులకి రిపేర్లకి తిరుగుతాడు. కొట్లో కూర్చునేది నేను, మాటలు పడేది నేను. నాకు నోరు కాస్త ఎక్కువే కాబట్టి ఒకటి పడితే రెండు తిరిగి అప్పజెప్పేదీ నేనే.

ఒక్క మనిషి మాత్రం పనికిరాని సామాను చేత్తో పట్టుకుని, భోజనానికి పిలిస్తే వచ్చినట్టు వచ్చేవారు. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, ఎవరూ విప్పమనకపోయినా చెప్పులు విప్పి, చేతిలో పెట్టెని కాస్త పైకెత్తి చూపించి, "కుదర్లేదండీ" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నష్టపోయిన మనిషి జాడే ఉండేది కాదు. పరీక్ష పాసయ్యానని చెప్పే పిల్లాడి గొంతులా ఉండేది.

ఈ వానాకాలంలో ఆయన పోయారు. మొన్న ఎవరో కుర్రాడు ర్యామ్ ముక్క ఒకటి తెచ్చి, బల్ల మీద టపీమని పెట్టి, ఇది మా బోర్డుకి పట్టట్లేదు అని అరిచాడు. మామూలుగా అయితే వాడికి తగిన సమాధానం నా నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. ఆ ముక్క చేతిలోకి తీసుకోగానే నాకు ఏడుపొచ్చింది. నోరు మూసుకుని మార్చి ఇచ్చి పంపేశాను. వాడు తన అరుపుకే భయపడ్డాననుకుని ఉంటాడు.

బిల్లు మీద ఆయన పేరు రాసేదాన్ని గానీ ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవారు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు.

మొదటిసారి వచ్చింది పోయినేడు కార్తీకమాసం వెళ్ళాక. చల్లపల్లి నుంచి వచ్చామని, కాలవల డిపార్టుమెంటులో పనిచేస్తానని, పాపకి కంప్యూటర్ కావాలని చెప్పారు. పాపేదండీ అంటే వెనక్కి తిరిగి చూపించారు. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, వరండాలో పిట్టగోడ పట్టుకుని కింద రోడ్డు చూస్తూ నిలబడింది. మాకు ఆ పిల్ల వీపే కనిపిస్తోంది. లోపలికి రమ్మనండి, కూర్చుంటుంది అన్నాను. ఉండనివ్వండి, మెల్లగా అలవాటవుతుంది అన్నారాయన. కంప్యూటర్ కొట్టుకి అలవాటు పడాల్సిందేముందో నాకర్థం కాలేదు.

మా కొట్లో పద్ధతి ఒకటుంది. ఏం పని కోసం కావాలో చెబితే, ఒకదానికొకటి సరిపడే వస్తువులు నేనే ఏరి, మా ఆయన చేత బిగించి, ఆన్ చేసి చూపించి మరీ పంపిస్తాను. అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఒక్కొక్కటీ కొనుక్కుంటాం, మేమే బిగించుకుంటాం అన్నారు. ఇలాంటివాళ్ళు వారానికి ఒకరు తగులుతారు. ఫోన్లో ఒక వీడియో చూసి ఇంజనీర్లయిపోయి వస్తారు. కాబట్టి ఆయనకి పాఠం మొదలుపెట్టాను. ప్రాసెసర్ ఏ కంపెనీదో బోర్డు దానికి తగ్గదే ఉండాలి, బోర్డు ఏ తరానిదో ర్యామ్ ఆ తరానిదే ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు పొడుగెంతో క్యాబినెట్‌లో అంత చోటుండాలి, అన్నిటికీ సరిపడా కరెంటు అందించే పెట్టె, అంటే మేం ఎస్‌ఎంపీఎస్ అనేది ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా మిగతావన్నీ దండగ అన్నాను.

ఆయన తల పంకిస్తూ విన్నారు. అర్థమైందండీ, మా లాకుల దగ్గరా ఇంతేగా అన్నారు. కాలవ లాకుల దగ్గర తలుపులు దింపించడం, ఎత్తించడం చూడటం ఆయన ఉద్యోగం. తలుపు వేలెడు తక్కువైతే నీళ్ళు ఆగవు, వేలెడు ఎక్కువైతే అసలు తలుపే దిగదు అని చెబుతూ, ఆ వేలు నా బల్ల మీద ఆనించి చూపించారు. ఆ రోజు బోర్డు, ప్రాసెసర్ తీసుకున్నారు. రెండూ నేనే జత కలిపి ఇచ్చాను. కుదిరాయి.

ఆయన కొన్ని పనులు చేసే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఏ వస్తువు చూడాలన్నా ముందు జేబురుమాలు తీసి బల్ల మీద పరిచి, దాని మీద పెట్టమనేవారు. ఒంట్లో ఉండే కరెంటు తగిలి ఇవి పాడవుతాయి, పట్టుకునే ముందు ఇనుము ముట్టుకోండి అని నేను ఒకసారి అన్నానని, ప్రతిసారీ వెళ్ళి మా షట్టర్‌ని రెండు చేతులతో ముట్టుకుని, అలవాటు కొద్దీ ఆ చేతులు కళ్ళకద్దుకుని వచ్చేవారు. పక్క కొట్టువాళ్ళు అది చూసి, మీ షట్టర్‌కి బాగానే మొక్కులు పడుతున్నాయే అని నన్ను ఆటపట్టించేవారు. కూతురితో నేరుగా ఏదీ అడిగేవారు కాదు. "అమ్మాయిగారూ, పాపకి ఏది నచ్చిందో కనుక్కోండి" అని నాతో అనేవారు. వరండాలో ఉన్న పిల్లని నేను కేకేసి అడిగితే భుజాలెగరేసేది, లేదా అదీ లేదు. ఇంట్లో కూడా ఇలాగే మధ్యవర్తిని పెట్టుకుని మాట్లాడుకుంటారా అనుకునేదాన్ని.

వాళ్ళు వచ్చేది శనివారాలు. ఇంకో శనివారం గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. ఆ పై శనివారం క్యాబినెట్ కోసం వచ్చారు. గుమ్మం పక్కన తెల్లటి చిన్న క్యాబినెట్ ఒకటి ఉండేది. దాన్ని ఆ పిల్ల వేలి కొసతో ఒకసారి తాకింది, అంతే. ఆయన అది కావాలన్నారు. మీరు కొన్న కార్డు పొడుగు బాబాయిగారూ, ఇందులో పట్టదు అన్నాను. ఎందుకు పట్టదు, నేను కొలుస్తానుండండి అని, అలాంటిదే ఒక కార్డు పెట్టె అడిగి తీసుకుని దాన్ని జానతో కొలిచారు, తర్వాత క్యాబినెట్‌ని కొలిచారు. కార్డు మీద ఆయన వేళ్ళు ఇంత దూరం చాచుకున్నాయి, క్యాబినెట్ మీద మాత్రం పిల్లి నడిచినట్టు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆ కొలత ప్రకారం అందులో రెండు కార్డులు పట్టాలి. అది జాన కాదండీ అన్నాను. లాకుల తలుపులు కొలిచిన చెయ్యండీ ఇది అన్నారు. సరే నీ ఖర్మ అని లోపల అనుకుని, పైకి సరేనండీ అని బిల్లు రాశాను.

మరుసటి శనివారం ఆ క్యాబినెట్ మళ్ళీ మెట్లెక్కింది. ఆయన ఒక పక్క, ఆ పిల్ల ఒక పక్క పట్టుకుని వచ్చారు. "కుదర్లేదండీ." నేను చెప్పాల్సిన నాలుగూ చెప్పాను. ఆయన నవ్వుతూ విన్నారు. పెట్టె దించడానికి ఆ పిల్ల గుమ్మం దాటి లోపలికి రాక తప్పలేదు. వచ్చింది కదా అని స్టూలు జరిపాను. కూర్చుంది. అప్పుడు చూశాను మొహం. తిండి సరిగ్గా తినని మొహం, నిద్రపోయి ఎన్నాళ్ళో అయినట్టున్న కళ్ళు.

తర్వాత ర్యామ్ వంతు. సరైనదే తీసి బల్ల మీద పెట్టాను. ఇంతలో నాకు ఫోను వస్తే మా ఆయన బల్ల దగ్గరికొచ్చాడు. నేను మాట్లాడి తిరిగొచ్చేలోగా బాబాయిగారు అది కాదండీ ఇది అని పాత తరం ర్యామ్ ప్యాకెట్ తీసుకుని వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి అదే ప్యాకెట్, అదే నవ్వు, అదే మాట. నాకు నిజంగానే ఒళ్ళు మండింది. మీరు కొన్న బోర్డు కొత్త తరానిదని చెప్పానా లేదా అని గట్టిగానే అడిగాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదండీ, నాకేం తేడా కనపళ్ళేదు అని ఆయన అమాయకంగా వాదిస్తున్నారు. అప్పుడు స్టూలు మీంచి ఒక గొంతు వినిపించింది.

"గాటు చూడు నాన్నా. మన బోర్డుకి మధ్యలోకి ఉంటది. దీనికి పక్కకుంది."

ఆ పిల్ల లేచి వచ్చి, ప్లాస్టిక్ ప్యాకెట్ పైనుంచే వేలు పెట్టి చూపించింది. ఆయన వంగి ఆ గాటు చూశారు. చాలాసేపు చూశారు. అంతసేపు చూడాల్సినంత పెద్ద గాటేమీ కాదది. తర్వాత నన్ను మంచినీళ్ళు అడిగారు. సీసా ఎత్తి తాగుతుంటే సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. బస్సు ప్రయాణం, దాహమేసి ఉంటుంది అనుకున్నాను. ఎంత మొద్దుని.

కొన్ని రోజులకి, శనివారం కాని రోజున, ఆయన ఒక్కరే వచ్చారు. ఇక్కడి ఆఫీసులో ఏదో పని ఉండి వచ్చానన్నారు. చేతిలో సామాను లేదు, మొహంలో ఆ నవ్వూ లేదు. కొట్లో ఎవరూ లేరు కదా అని, నాలో చాలా రోజులుగా నలుగుతున్న ప్రశ్న అడిగాను. మొన్న ర్యామ్ ప్యాకెట్ మీరు సీలు తియ్యకుండానే తెచ్చారు, బోర్డులో పెట్టి చూడకుండానే కుదర్లేదని ఎలా తెలిసింది బాబాయిగారూ అన్నాను. ఆయన నా వైపు చూసి, స్టూలు మీద కూర్చుని, నేను చెప్పిన పాఠం మొత్తం ఒప్పజెప్పారు. నేను చెప్పనివి కూడా చెప్పారు. ఏ బోర్డుకి ఏ ర్యామ్, ఏ ప్రాసెసర్ ఎంత వేడెక్కుతుంది, ఏ కార్డు ఎంత కరెంటు తింటుంది, అన్నీ. లాకుల దగ్గర డ్యూటీలో ఫోను పెట్టుకుని నేర్చుకున్నారట. తెలియక తెచ్చింది ఒక్కటీ లేదు.

పాపని ఇంటర్ అయ్యాక మెడికల్ సీటు కోచింగ్‌కని ఇక్కడే ఒక హాస్టల్లో చేర్పించారట. వద్దందట. ఏడాదే కదా కళ్ళు మూసుకుని చదివెయ్యమని తనే బలవంతాన దింపి వచ్చానని చెప్పారు. దసరా సెలవలకి వచ్చిన పిల్ల మళ్ళీ వెళ్ళలేదు. అక్కడ ఏం జరిగిందో చెప్పలేదు. అసలు మాటలే మానేసింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే కంచంలో అన్నం గుమ్మం ముందే ఆరిపోయేది. ఒక రోజు తలుపు ఎంతకీ తియ్యకపోతే బద్దలు కొట్టాల్సి వచ్చిందని మాత్రం చెప్పి, లోపల ఏం చూశారో చెప్పలేదు. నేను అడగలేదు. డాక్టరు మందులిచ్చి, ఒంటరిగా వదలొద్దు, ఎలాగోలా బయట తిప్పండి అన్నాడట. గుణదల కొండకి వెళ్దామంటే రానంది, సముద్రం చూద్దామంటే రానంది, మేనమామ ఇంటికీ రానంది. ఒక సాయంత్రం ఫోన్లో ఎవరో కంప్యూటర్ బిగిస్తున్న వీడియో చూస్తుంటే, మనమూ చేద్దామా అని అడిగారట. తలూపింది. నెలల తర్వాత ఆ పిల్ల దేనికైనా తలూపడం అదే.

మరి త్వరగా పూర్తి చేసి ఇవ్వచ్చుగా, సంతోషిస్తుంది అన్నాను. ఎప్పుడూ మీరు అని పిలిచే మనిషి ఆ రోజు నన్ను నువ్వన్నారు.

"పూర్తయితే ఇంకేముందమ్మా. ఆ గదిలోనే దాని ముందు కూర్చుంటది. లోపలి గడియ నేనే పీకేశాననుకో, అయినా తలుపు దగ్గరికేసిందంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. కుదర్లేదంటేనే నాతో బస్సెక్కుద్ది. దీన్ని ఎన్నాళ్ళు లాగగలనో అన్నాళ్ళు లాగనీ."

నా కళ్ళు చెమర్చాయి గానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది. ఈ కొట్టు పెట్టినప్పట్నుంచీ పొసగని వస్తువు తెలిసి తెలిసి ఒకరికి ఇచ్చిన పాపాన పోలేదు, అదొక్కటే నా గొప్ప. అదే చెప్పాను. "తప్పు సామాను నా చేత్తో ఇవ్వను బాబాయిగారూ. మీరే ఏరుకోండి. మార్చమన్నప్పుడల్లా మారుస్తాను." అంతకంటే ఏం కావాలమ్మా అని లేచారు. వెళ్తూ వెళ్తూ అలవాటు ప్రకారం షట్టర్‌ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ రోజు ముట్టుకోవాల్సిన వస్తువేదీ లేదు.

ఆ తర్వాత శనివారం వచ్చిందంటే నేనూ మెట్ల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. కూతురి వెనకాల ఒక మెట్టు కింద నిలబడి, ఆ పిల్లకి కనపడకుండా నాకు సైగ చేసేవారు. కనుబొమలు ఎగరేశారంటే ఈ వారం బాగుందని. అరచెయ్యి అటూ ఇటూ ఊపారంటే అంతంతమాత్రమని. ఆ పిల్ల సామాను చూస్తుండగా నా పక్కకి వచ్చి బస్సు కబుర్లు చెప్పేవారు. పామర్రులో దిగి టీ తాగిందమ్మా. ఉయ్యూరు దాటాక కిటికీలోంచి కొంగలు చూపించింది, నాకంటే ముందు తనే చూసింది. కంకిపాడులో వేరుసెనక్కాయలు కొంది, నేను కొనివ్వలేదు, తనే బేరమాడి కొంది. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు, ఎవరైనా వింటే లాగేసుకుంటారన్నట్టు.

ఎండలు ముదిరాక ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఒకటి కొన్నారు. అది చాలా ఎత్తు, క్యాబినెట్ మూత పడదని నాకు తెలుసు, ఆయనకి తెలుసు. నేను బిల్లు రాస్తూ పెదవి కదపలేదు. వచ్చే శనివారం ఆ పిల్లే ముందు మెట్లెక్కి వచ్చి, జరిగిందంతా నాకు చెప్పింది. నాన్న మూత పెట్టి, పట్టట్లేదని దాని మీద కూర్చున్నాడక్కా, అయినా పట్టలేదు అని చేతులతో చూపిస్తూ నవ్వింది. నవ్వితే ఆ పిల్లకి ఒక బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆయన నవ్వలేదు. వరండాలోకి వెళ్ళి, మొదటి రోజు కూతురు నిలబడ్డ చోట పిట్టగోడ పట్టుకుని, మాకు వీపు పెట్టి చాలాసేపు రోడ్డు చూశారు. విప్పిన పెట్టె ఇంకెవరు కొంటారని మా ఆయన సణిగాడు. నేనొక చూపు చూశాను, సణగడం ఆపేశాడు.

ఆ పిల్ల స్టూలు వదిలి బల్ల ఇవతలికి రావడం మొదలుపెట్టింది. అరల్లో ఉన్న పెట్టెలు తీసి పక్కల మీది సన్నక్షరాలు చదివేది. ఎవరైనా ఏదైనా అడిగితే, అక్కా అది కింది అరలో ఉంది అని నాకంటే ముందు చెప్పేది. ఒక్కో వస్తువూ కుదురుతూ వచ్చింది. ఫ్యాన్లు, తీగలు కట్టే పట్టీలు, మౌసు కింద వేసే గుడ్డ కూడా అయిపోయాయి. ఎస్‌ఎంపీఎస్ ఊసు మాత్రం ఆయన ఎత్తరు. చివరికి ఆ పిల్లే అంది, ఇంక పవరొక్కటేగా నాన్నా అని. ఆయన మొహంలో సంతోషం, భయం రెండూ ఒకేసారి చూశాను. ఆ పిల్లకి ఏదో కావాలనిపించింది, అందుకు సంతోషం. అది దొరికితే అయిపోతుంది, అందుకు భయం. అరల ముందు అటూ ఇటూ తిరిగి, గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ఇచ్చే తీగ లేని పెట్టె ఒకటి ఏరి తీసుకున్నారు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి నాకు కనుబొమలు ఎగరేసి చూపించారు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

వానలు పట్టుకున్నాయి. శనివారాలు గడిచాయి, వాళ్ళు రాలేదు. కాలవలకి నీళ్ళు వదిలారు కదా, లాకుల దగ్గర ఊపిరాడని డ్యూటీ అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఈసారి వస్తే ఆయన్ని ఏమని దెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఒక శనివారం మెట్ల మీద ఎస్‌ఎంపీఎస్ పెట్టె కనిపించింది, దాని వెనకాల ఆ పిల్ల కనిపించింది. నేను నవ్వుతూ ఆ పిల్ల భుజం మీదుగా కిందికి చూశాను. ఎవరూ లేరు.

"నాన్న పోయాడక్కా" అంది. లాకుల దగ్గర తలుపు ఎత్తిస్తుంటే గుండెలో నొప్పని కూర్చున్నారట. కూర్చున్నచోటే అయిపోయిందట. ఆయన ఫోన్లో నా నంబరు కంప్యూటర్ అమ్మాయిగారు అని ఉందని, చేద్దామని రెండుసార్లు తీసి చెయ్యలేకపోయానని చెప్పింది. ఇవన్నీ నా మొహం చూడకుండా, వెనక అరలోని పెట్టెలకి చెప్పింది. నేను బల్ల ఇవతల నుంచి వెళ్ళి దగ్గరికి తీసుకున్నాను. కర్రలా నిలబడింది. ఏడవలేదు. ఎవరితో వచ్చావమ్మా అన్నాను. ఒక్కదాన్నే అంది. అమ్మ ఎలా ఉందంటే, పడుకునే ఉంటదక్కా అంది.

తర్వాత పెట్టె బల్ల మీద పెట్టింది. "దీనికి కార్డు తీగ లేదక్కా. తీగున్నది ఇయ్యి. అదొక్కటే బాకీ, ఇంక అయిపోద్ది."

అయ్యాక ఏం చేస్తావమ్మా అని అడిగాను. కాలేజీలో చేరే సంగతి ఏదైనా చెబుతుందేమో, బొమ్మలు గీస్తాననో, ఆటలాడుకుంటాననో అంటుందేమోనని ఎదురుచూశాను. నేల వైపు చూసింది. "ఏమో అక్కా. ఇంకేముంది" అంది. మొదటిసారి స్టూలు మీద కూర్చున్నప్పుడు చూసిన మొహం అదే, కళ్ళు అవే. తలుపు దగ్గరికేస్తే కాళ్ళూ చేతులూ ఆడవన్న మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో లేరు.

సరైనది పై అరలో ఉంది. ఎత్తు స్టూలెక్కి చెయ్యి చాపాను. ఆ పెట్టె తీసి ఇస్తే ఆ పిల్ల సాయంత్రానికి చల్లపల్లి చేరుతుంది, పొద్దుపోయేలోగా బిగిస్తుంది, మళ్ళీ ఈ మెట్లెక్కాల్సిన అవసరం ఉండదు. వస్తూ ఉండమ్మా అంటే సరేనంటుంది. ఎవరు మాత్రం అనరు. చెయ్యి దాని మీద పెట్టి అలాగే నిలబడ్డాను. దాని పక్కనే అదే కంపెనీది, అదే రంగు పెట్టె, తీగ లేనిది ఉంది. నాకు ఇరవయ్యేళ్ళుగా ఉన్న గొప్ప ఒక్కటే. పక్క పెట్టె తీసుకుని కిందికి దిగాను.

బల్ల మీద పెట్టి, ఇదేనమ్మా అన్నాను. అని, ఇంకేదో పనున్నట్టు డ్రాయరు తీసి అందులోకి చూశాను.

ఆ పిల్ల పెట్టె చేతిలోకి తీసుకుంది. అలవాటు ప్రకారం పక్కకి తిప్పింది. ఆ సన్నక్షరాలు నాకంటే బాగా చదవగలదని తెలుసు. చదువుతున్నంతసేపూ డ్రాయర్లో మరలు ఏరుతూ ఉన్నాను.

"నాన్న కూడా ఇలాంటిది తీసుకునేటప్పుడు నా మొహం చూసేవాడు కాదక్కా" అంది.

నేను తలెత్తాను. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అప్పటిదాకా రానివి, బుగ్గల మీదుగా కారి పెట్టె మీద పడుతున్నాయి. చున్నీతో పెట్టె తుడిచింది గానీ మొహం తుడుచుకోలేదు. దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుంది.

"శనివారం వస్తా" అంది.